ఆకులు వేయరాదు

గుండప్ప నాకు చేసింది పగవాడు చేసి ఉంటే సుఖంగా ఉండేది. కేసు వేసేవాణ్ణి, లేదంటే గౌనిపల్లి సంతలో నలుగురి మధ్య నిలబెట్టి తిట్టి కడుపు చల్లార్చుకునేవాణ్ణి. చేసింది తోడబుట్టిన అన్న, అదీ మేలు చేస్తున్నాననుకొని చేశాడు. మేలు చేసినవాణ్ణి తిట్టడానికి మాటలు ఏ పుస్తకంలో ఉన్నాయో, నేను చదివిన ఏడో తరగతి లోపల మాత్రం రాలేదు. అడవిలో ఉన్న నా మామిడితోటకు పోయే బండిదారి పక్కన సొప్పలమ్మ ఉంది. సొప్పు అంటే మా వైపు ఆకు. దారిన పోయే ప్రతి మనిషీ చేతికందిన పచ్చకొమ్మ ఒకటి విరిచి ఆమె ముందు వేసి పోవాలి, ఆమె అడిగేది అంతే, కొబ్బరికాయ అక్కర్లేదు, పూజారి అక్కర్లేదు, పైకప్పు అసలే పనికిరాదు. మా తాత ముందునుంచి వేసిన ఆకులు ఎండి, పుల్లలై, కింద మన్నై, పైన మళ్ళీ పచ్చబడి మనిషెత్తు కుప్ప ఉండేది. ఆ దారిన మనుషులు తరాలుగా నడిచారని చెప్పడానికి నాకున్న సాక్షి ఆ కుప్పే. పోయిన శ్రావణంలో గుండప్ప ఆ సాక్షిని పారలతో తోడించి, ట్రాక్టర్‌లో ఎత్తించి, తన మల్బరీ తోటకు ఎరువు వేసుకొని, ఆ చోట టైల్స్ గుడి కట్టించాడు. ముందర ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. గ్రానైట్ పలక మీద తన పేరు, తేదీ. పక్కన రేకు మీద కన్నడంలో పెద్దక్షరాలతో ఒక బోర్డు: ఇక్కడ ఆకులు వేయరాదు. ఆకులమ్మ గుడి ముందు.

దారి పరిశీలించడానికి వచ్చినవాళ్ళు అడవి లోపలికి పోయారు, నేను కందకం గట్టు మీద కూర్చున్నాను. అడవి అంచు పొడుగునా తవ్విన ఈ కందకం నా దారిని అడ్డంగా కోసింది. పశువులు పోకూడదని, ఎవడూ అడవిని కొంచెం కొంచెంగా దున్నుకోకూడదని తవ్వారు, మంచిదే, దున్నుకునేవాళ్ళు ఉన్నారు, నాకు పేర్లు కూడా తెలుసు. కానీ తవ్విన జేసీబీకి దారి ఏదో కంప ఏదో ఎట్లా తెలుస్తుంది, దానికి డీజిల్ ఒకటే తెలుసు. అవతల నా తోట, నాలుగు దిక్కులా అడవి, నడుమ పట్టా భూమి, గిన్నెలో మిగిలిన ముద్దలాగా. దారి విడిపించమని అర్జీ పెట్టుకుంటే పర్యావరణ పరిశీలన అన్నారు. బెంగళూరు నుంచి అర్పిత అనే అమ్మాయి వచ్చింది, మెడలో దుర్బిణీ, కాళ్ళకు మోకాళ్ళదాకా బూట్లు, వెంట టేపు పట్టుకున్న మనిషి ఒకడు, ఒక గార్డు. నేనూ లేచి బయలుదేరితే చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు ఈడే ఉండండి అన్నా. మీరు పక్కనుంటే మీరు చూపించిందే నేను చూస్తాను." ఇంత తెలివిగలవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పోయేముందు మళ్ళీ తిరిగి అడిగింది, "దారి పాతదని చెప్పేదానికి లోపల గుర్తు ఏమన్నా ఉండాదా?" నా నోరు నా బుద్ధికంటే ముందు పలికింది, "సొప్పలమ్మ ఉండాది మేడం." ఉందా. ఏముంది అక్కడ. టైల్స్ ఉన్నాయి.

దారి పాతదని రాస్తే కందకంలో ఒక తూము వేసి, పైన మన్ను కప్పి వదిలేస్తారు, తోట బతుకుతుంది. కొత్తదని రాస్తే అది అడవిలో కొత్తగా వేసే రోడ్డు కింద లెక్క, పోయే అడవికి రెండింతల పట్టా భూమి బదులుగా రాసివ్వాలి. నాకు ఇంకెక్కడ ఉంది పట్టా, ఆ తోట తప్ప. తోటకు దారి కావాలంటే తోటే ఇవ్వాలి. ఈ మాట ఆఫీసులో ఒకాయన నాకు రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి నాకు అర్థం కాలేదనుకొని, రెండోసారి తనకు అర్థం కాక.

ఎలుగుబంటికి ఇబ్బందా అని చూస్తారట. నెమలికి, ముంగిసకు, ఇంకేదో గుడ్లగూబకు. నా ట్రాక్టర్ ఏడాదికి పది మాట్లు పోతుంది, ఆ చప్పుడుకు ఎలుగు నిద్ర చెడుతుందేమోనని ఇంతమంది జీపు వేసుకొని వచ్చారు. చూడనీ. ఎలుగుకు మా తోటంటే అత్తగారిల్లు, పండు తిని, టెంకలు చప్పరించి, బేనీషా చెట్టుకిందే కడుపు ఖాళీ చేసి పోతుంది, దాన్ని ఈ అమ్మాయి ప్లాస్టిక్ సంచిలో వేసుకొని బెంగళూరు తీసుకుపోతుంది. ఎవరి చదువు వాళ్ళది. పదిహేనేళ్ళప్పుడు నేను కోలారు బంగారు గనుల దగ్గర, రాబర్ట్‌సన్‌పేటలో లారీ క్లీనర్ని. అక్కడ భూమిని లోపలినుంచి తొలిచి, తొలిచిన రాతిని పిండి కొట్టి, సైనైడ్‌తో కడిగి, మిగిలిన దుమ్మును కొండలుగా పోశారు, చెట్టు మొలవదు, గొర్రె ఎక్కదు. గాలివాన ముందు ఆ తెల్లదుమ్ము లేచి ఊరి మీదికి వస్తే మేము టీ తాగే హోటలాయన సాంబారు గిన్నెల మీద మూతలు పెట్టమని "మూడుడా, మూడుడా" అని అరవంలో కేకలు వేసేవాడు. అన్నేళ్ళు తవ్వినప్పుడు ఒక ఎలుకనైనా ఎవరన్నా అడిగారా, అమ్మా నీకు ఇబ్బందా అని. బంగారానికి అడగరు. తోతాపురి కాయకు అడుగుతారు. సరే, ఇప్పుడైనా అడుగుతున్నారు కదా అని సంతోషించే బుద్ధి దేవుడు నాకు పెట్టలేదు.

తోతాపురి ఈసారి కొమ్మలు వంగి కాసింది. పోయిన ఏడాదీ కాసింది. కందకం మీద తాటిమొద్దు రెండుగా చీల్చి వేసుకొని, గంపలు తలమీద పెట్టుకొని దాటాము, ఎంతని దాటుతాము, కూలివాళ్ళు రెండోపూటకే "మాకు కాళ్ళు కావాల సామీ" అని పోయారు, సగం కాయ చెట్టుకిందే కుళ్ళింది, తోటంతా సారాయి కొట్టులాగా పులిసిన వాసన, ఎలుగులకు మాత్రం పండగ. ఆ మొద్దు మీదే కమలాక్షి జారింది. నా భార్య. గంపను వదలకుండా పడింది పిచ్చిది, గంపను వదిలేసి ఉంటే చెయ్యి ఆన్చుకునేది, కాయలకోసం మణికట్టు విరగ్గొట్టుకుంది. అతికింది గానీ వంకరగా అతికింది, ఇప్పుడు కుడిచెయ్యి తలదాకా లేవదు. పక్కింటి సవిత వచ్చి జడ వేస్తుంది. సవిత రాని రోజు నన్ను పిలవదు, జుట్టు ముడి వేసుకొని కూర్చుంటుంది, అట్లా కూర్చున్నప్పుడు నేను వాకిట్లోకి పోయి దేన్నో వెతుకుతున్నట్టు నిలబడతాను. ఆ చెయ్యిని నేను కోలారు ఆసుపత్రికి తిప్పుతున్న నెలలోనే గుండప్ప గుడి లేపాడు. తిరిగి వచ్చి చూస్తే పులిహోర పంచుతున్నారు. "యాడికి పోయినావురా, నీ కోసమే కదా కట్టిచ్చింది, నీ దారి చల్లగా ఉండాలని," అన్నాడు, దొన్నె నా చేతిలో పెట్టి.

అన్నట్టు ఆ గుడికి ఇటుకలు ఎట్లా పోయాయి. కందకంలో ఒకచోట మన్ను పోసి పూడ్చి, ట్రాక్టర్ నడిపి, పని అయ్యాక మళ్ళీ తోడేశాడు. ఎవడూ అడగలేదు. దేవుడి పనికి కందకం పూడుతుంది. నేను మామిడికాయల కోసం ఒక్క పార మన్ను వేసి ఉంటే ఊరంతా ఫోటోలు తీసేది, మొదటి ఫోటో గుండప్పే తీసేవాడు, అడవి సమితికి ప్రెసిడెంటు కదా.

జీపు డ్రైవర్ సునీల్‌కుమార్ తలుపు తెరిచి పెట్టుకొని ఫోన్‌లో ఏవో డాన్సులు చూస్తున్నాడు. ఒకటి అయిపోయి ఇంకొకటి వచ్చే సందులో తల ఎత్తి అడిగాడు, "లోపల రిసార్టు కడతారా అన్నా?"

"మామిడితోట."

"మామిడితోటకు ఇంత మందా," అన్నాడు, మళ్ళీ డాన్సులోకి పోయాడు. ఈ ఉదయం నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

ఎంతసేపైందో. ఇప్పుడు గుడి దగ్గర ఉంటారు. ఆ అమ్మాయి బూట్లు విప్పుతుందా, విప్పకుండా పలక చదువుతుందా. పలక మీద గుండప్ప పేరుకు ముందు 'శ్రీ' రెండుసార్లు చెక్కించాడు, ఒకటి దేవతకు రావలసింది. మా అమ్మ ఉండి ఉంటే. అమ్మ తలమీద గంప ఉన్నా నడక ఆపకుండా చెయ్యి చాచి తంగేడుకొమ్మ విరిచేది, ఎక్కడ విరిచిందో వెనక నడిచే నాకు కనబడేదే కాదు. వేసేటప్పుడు మొక్కదు, కళ్ళు మూయదు. "పోయొస్తామమ్మా," అనేది, గడపలో కూర్చున్న ముసలావిడతో చెప్పినట్టు. వచ్చేటప్పుడు ఇంకో కొమ్మ, "వచ్చినాము." అంతే ఇద్దరి మాటలూ. ఒకసారి నేను సోమరితనంతో ఎండుపుల్ల వేస్తే వెనక్కి తిప్పించింది. "చచ్చినోళ్ళు పోయినారా ఈ దారిలో, బతికినోళ్ళు పోయినారని ఆయమ్మకు ఎట్ల తెలియాల?" ఆ మాట ఇప్పుడు ఆ బెంగళూరు అమ్మాయికి ఎవరు చెప్పాలి. పచ్చాకు అంటే ఈ రోజు ఒకరు పోయారని. ఎండాకు అంటే నిన్న. మన్ను అంటే మా తాత. ఆ మన్నంతా ఇప్పుడు మల్బరీ ఆకై, పట్టుపురుగై, గూడై, రామనగరం మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్ముడుపోయి, ఎవరి పెళ్ళిలోనో చీరై నడుస్తూ ఉంటుంది. నా దారి కట్టుకొని ఎవరో తాళి కట్టించుకుంటారు. కట్టించుకోనీ.

మా నాయన పోయాక భాగాలప్పుడు రోడ్డు పక్క చేను గుండప్ప తీసుకున్నాడు. "నీకు కాసే చెట్లుండాయి కదప్పా, నాకు ఉత్త మన్ను చాలు," అన్నాడు, త్యాగం చేస్తున్నవాడి ముఖం పెట్టి. నలుగురు పెద్దమనుషులు తలలాడించారు. ఉత్త మన్ను రోడ్డు పక్కన ఉంటే ఏమవుతుందో వాళ్ళకు తెలియదా, వాళ్ళ మన్ను కూడా రోడ్డు పక్కదే. కాసే చెట్టును ఎంత దూరం మోయాలో చెట్టు చెప్పదు.

పేరు తలచుకుంటే వచ్చే రకం. స్కూటర్ చప్పుడు, తెల్లచొక్కా, ముందర క్యాన్‌లో మజ్జిగ, హ్యాండిల్‌కు సంచిలో పూలదండ. దండ ఎవరికో, నాకు మాత్రం కాదు.

"ఏరా నాగేశా, పెండ్లిచూపుల వాళ్ళు పిల్ల నచ్చలేదని పొయినట్ల మూతి పెట్టుకోని కూర్చున్నావే."

"లోపలికి పొయినారు అన్నా."

"గుడి చూస్తారులే. గుడి చూస్తే మనం ఎట్లాటోళ్ళమో వాళ్ళకే తెలుస్తుంది."

నేను లేచి దగ్గరికి పోయాను. గొంతు తగ్గించాను, సునీల్‌కుమార్‌కు వినబడకూడదని, వాడికి వినే తీరిక లేకపోయినా. "అన్నా, ఒక మాట. వాళ్ళు అడిగితే సొప్పలమ్మ పాతది, గుడి ఒక్కటే కొత్తది అని చెప్పు. దారి తాతల కాలందని చెప్పు. ఇంగేమీ చెప్పొద్దు. నా తోటంతా ఆ మాట మీద నిలబడి ఉండాది."

"పాతదంటే నేను పడిన కష్టం యాడ పోవాల?"

"కష్టం నీదే. దారి పాతదని చెప్పు, చాలు."

"నాకు నేర్పిస్తావా మాట్లాడేది," అన్నాడు నవ్వుతూ, నా భుజం తట్టి. "ప్రెసిడెంటునిరా నేను. కలెక్టర్ ముందర మాట్లాడినోణ్ణి."

మాట్లాడాడు, నేనూ చూశాను, కలెక్టర్ వాచీ చూసుకుంటూ ఉన్నాడు. నా చేతిలో తంగేడుకొమ్మ ఉంది, ఎప్పుడు విరిచానో తెలియదు, ఆకులు అప్పుడే వాడిపోయి నా వేళ్ళకు అంటుకుంటున్నాయి. విసిరేద్దామని చెయ్యి ఎత్తాను, విసరలేదు. కందకం అవతల కంప కదిలింది. ముందు గార్డు, తర్వాత టేపు మనిషి, వెనక ఆ అమ్మాయి, ప్యాంటు నిండా పల్లేరుగింజలు, ముఖం మీద సాలెగూడు. తాటిమొద్దు మీద చేతులు రెండూ చాచి, ఒక్కొక్క అడుగే వేస్తూ దాటింది. దాటి, వెనక్కి తిరిగి మొద్దును ఒకసారి చూసింది. "దీని మీదనే గంపలు మోస్తారా?" అని నన్ను అడిగింది. ఊ అన్నాను. కమలాక్షి చెయ్యి గురించి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. జాలిపడి దారి ఇచ్చేవాళ్ళనుంచి నాకు దారి అక్కర్లేదు, అట్లాంటి పొగరు ఉన్నవాడికి తూము కూడా అక్కర్లేదేమో.

గుండప్ప మజ్జిగ పోశాడు. దండ బయటికి తీశాడు, ఆమె వద్దని చేతులు జోడిస్తే గార్డు మెడలో వేశాడు, గార్డు సిగ్గుపడ్డాడు. ఆమె మజ్జిగ నిలబడే తాగి, గ్లాసు కడిగి ఇచ్చింది.

"పలక మీద ఉండే పేరు మీదేనా అన్నా?"

"నాదే మేడం. గుండప్ప అంటే నేనే."

"గుడి నీటుగా ఉండాది. దానికి ముందు ఆ జాగాలో ఏముండె?"

నేను గుండప్పను చూశాను. చిన్నప్పుడు నాయన బెల్టు తీసినప్పుడు వాణ్ణి ఎట్లా చూసేవాణ్ణో అట్లాగే చూశాను, నువ్వు చెప్పేదాన్ని బట్టే నా వీపు ఉంటుంది అని. వాడు చొక్కా సర్దుకున్నాడు.

"ఏముండె మేడం, ఉత్త చెత్త. ఆకులు, పుల్లలు, దాంట్లో పాములు. నేనే ఎత్తిచ్చి క్లీన్ చేపిచ్చినాను."

"ఇటుకలు, టైల్స్ అంత దూరం ఎట్ల పొయినాయి?"

"ట్రాక్టర్లో."

"దారి ఉండెనా?"

"దారి యాడిది మేడం, అంతా లంటానా కంప. నేనే మనుషుల్ని పెట్టి కొట్టిచ్చి, దారి చేసినాను."

"కంప కందకం తవ్వినంక పెరిగింది మేడం," అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులాగా వినబడింది. "దానికి ముందు మా తాత కాలంనుంచి బండి పోయిన దారి అది. ఊళ్ళో ఎవర్నన్నా అడగండి."

ఆమె మోకాలి మీది పల్లేరుగింజ ఒకటి పీకింది. "మా అమ్మమ్మది ముళబాగిలు పక్కన అన్నా. సొప్పలమ్మ అంటే నాకు తెలుసు. చిన్నప్పుడు నేనూ వేసినాను సొప్పు. ఆ కుప్ప ఉండింటే నేను ఒక్క ఫోటో తీసుకోని పోయేదాన్ని, మిమ్మల్ని ఇంత సేపు ఎండలో కూర్చోబెట్టేదాన్ని కాదు." తర్వాత గుండప్ప వైపు తిరిగి, ఇంకా ఆశ ఉన్నట్టు అడిగింది, "ఆ ఆకులు యాడేసినారు? మిగిలిందా కొంచమన్నా?"

"మల్బరీకి," అన్నాడు గుండప్ప. "మంచి ఎరువు మేడం. ఈసారి గూళ్ళు దిట్టంగా వచ్చినాయి."

గార్డు దండ సర్దుకుంటూ అటు తిరిగాడు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు. ఈ అమ్మాయిని అసహ్యించుకోవడానికి పొద్దుటినుంచి లోపల పేర్చి పెట్టుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నతో దండగైంది, ఇప్పుడు దాన్నంతా ఎత్తుకొని ఎక్కడ పొయ్యాలో తెలియలేదు, చివరికి అది కూడా గుండప్ప మీదే పడింది, మల్బరీ మీద పడినట్టు.

"మీ అన్న చెప్పింది నేను వినలేదని రాయలేను," అంది ఆమె, నాతో. "పలక మీద తేదీ ఉండాది. నేను చూసింది, విన్నది, రెండూ ఒకటే చెప్తా ఉండాయి." తలుపు వేసుకునే ముందు నా చేతి వైపు చూసింది, తంగేడుకొమ్మ వైపు. తల తిప్పుకొని తలుపు లాగింది. మంచిదైంది. టేపు మనిషి ముందు సీట్లోంచి కొలత చదివాడు, తొమ్మిది వందల మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. సునీల్‌కుమార్ డాన్సు ఆపి తాళం తిప్పాడు. జీపు పోయింది, దుమ్ము మిగిలింది, మజ్జిగ క్యాన్ పక్కన గుండప్ప మిగిలాడు.

"చూసినావా, మాటకు మాట ఎట్ల చెప్పినానో," అన్నాడు. "దారి నేనే చేసినానని గట్టిగా చెప్పేసినాను. ఇంగ దారి లేదని ఎవుడన్నా అనగలడా? బాగా మాట్లాడినానా లేదా?"

బాగా మాట్లాడాడు. ఇంత బాగా ఈ జిల్లాలో ఇంకెవడూ మాట్లాడలేడు. వాడి ముఖంలో మోసం లేదు, వెతికాను, ఒక్క చుక్క ఉన్నా పట్టుకొని బతికేవాణ్ణి. మిగిలిన మజ్జిగ గ్లాసులో పోసి నాకు ఇచ్చాడు, తాగాను, దాహంగా ఉంది. తాగుతూ లెక్క వేశాను, ఆ లెక్కకు ఏడో తరగతి చాలు. దారి కింద పోయే అడవి ముప్పైఐదున్నర గుంటలు. రెండింతలు డెబ్బైఒక్క గుంటలు. ఎకరాకు నలభై గుంటలు. కొమ్మ ఇంకా చేతిలోనే ఉంది, అవతల తాళం వేసిన గ్రిల్లు, వేయరాదని బోర్డు, ఇవతల కందకం, కందకంలోనే వేశాను. పోయొస్తామమ్మా అనలేదు. దారి తీసుకుంటే నాకు మిగిలేది పదమూడు గుంటలు, దానికి నాలుగు మీటర్ల వెడల్పు రాజమార్గం, పోయేది ఒక ఎకరా ముప్పైఒక్క గుంటలు. వద్దంటే కాయ చెట్టుమీదే కుళ్ళుతుంది, పోయేది మొత్తం, రెండు ఎకరాల నాలుగు గుంటలు.